లేత్‌కు పట్టు టూల్ పోస్టే

పాత లేత్ బేరానికి తోడు రమ్మని పిలిచే కుర్రాళ్లు తడ, సూళ్లూరుపేట వైపు ఇప్పటికీ ఉన్నారు. పోయాక వాళ్ల కళ్లు ముందు చక్ మీద పడతాయి. బెడ్ ఎన్నడుగులు, ఎంత లావు కడ్డీ పడుతుంది, మోటారు ఎన్ని హెచ్‌పీ, ఇవే ప్రశ్నలు. నేను నేరుగా టూల్ పోస్ట్ దగ్గరికి పోయి, రెండు చేతుల్తో పట్టి ముందుకూ వెనక్కూ గుంజి చూస్తాను. తరవాత దాన్ని విప్పించి అడుగు చూస్తాను. అడుగున గీతలు, గుంటలు, అణిగి అతుక్కున్న ఇనప రజను కనిపిస్తే ఆ మిషన్ మీద ఎట్లాంటోడు పని చేశాడో తెలిసిపోతుంది. చక్ అరిగితే కొత్తది కొనుక్కోవచ్చు. గేర్లు పోతే వేయించుకోవచ్చు. టూలు కూర్చునే చోటు సరిగా లేకపోతే మాత్రం ఎంత పనిమంతుడు నిలబడినా గీతలు పడ్డ కడ్డీయే బయటికొస్తుంది.

లేత్ తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. లేత్‌లో తిరిగేది జాబు, అంటే మనం చెక్కాల్సిన ఇనుము. టూలు తిరగదు. చక్ బిగించి తిప్పుతున్న కడ్డీకి గట్టి ఉక్కు మొన ఆనించి పొరలు పొరలుగా చెక్కేస్తాం. ఆ మొనను పట్టుకుని ఉండే పిడికెడంత ఇనప దిమ్మే టూల్ పోస్ట్. దాని కింద కాంపౌండ్ స్లైడ్, ఆ కింద అడ్డంగా కదిలే క్రాస్ స్లైడ్, ఇంకా కింద బెడ్ పొడుగునా పోయే క్యారేజ్. కోత బలమంతా మొన మీద పడి, టూల్ పోస్ట్ గుండా ఒక్కో మెట్టే దిగి బెడ్‌కు చేరాలి. ఈ దారిలో ఏ ఒక్క చోట వదులున్నా టూలు వణుకుతుంది. ఆ వణుకు అచ్చుగుద్దినట్టు కడ్డీ మీద పడుతుంది. మేం దాన్ని చాటర్ అంటాం. షెడ్డు బయట టీ తాగుతున్నా ఆ కూత వినపడగానే లోపల ఏం జరుగుతోందో అర్థమవుతుంది.

మా షెడ్డు 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉంది. దక్షిణంగా పోతే ఆరంబాకం, తమిళనాడు. తూర్పున పులికాట్. పడమట శ్రీసిటీ. 2022లో జిల్లాలు మారాక నెల్లూరోళ్లం కాస్తా తిరుపతోళ్లమయ్యాం, పని మాత్రం మారలేదు. శ్రీసిటీలో ఇసుజు వాళ్లు బండ్లు చేస్తారు, ఆల్‌స్టోమ్ వాళ్లు మెట్రో రైలు పెట్టెలు, కోబెల్కో వాళ్లు ఎక్స్‌కవేటర్లు. ఇట్లాంటి కంపెనీలకు విడిభాగాలు చేసే చోట సీఎన్‌సీ మిషన్లు ఉంటాయి. వాటిలో టూళ్లన్నీ టరెట్ చుట్టూ వరసగా బిగించి ఉంటాయి, ప్రోగ్రాం పిలిచినప్పుడు పిలిచిన టూలు తిరిగి ముందుకొస్తుంది. మా షెడ్డుకు వచ్చేది ఆ సరుకు కాదు. టిప్పర్ల బుష్షులు, జేసీబీ బకెట్ పిన్నులు, రొయ్యల గుంటల్లో ఏరేటర్ల షాఫ్టులు, పడవ మోటారు షాఫ్టుకు గన్‌మెటల్ బుష్షు, బోరు మోటారు స్లీవులు. ఏ రెండూ ఒక కొలత కాదు. పొద్దున గన్‌మెటల్ తొలిచిన మిషన్ మీదే మధ్యాహ్నం అరిగిన షాఫ్టుకు మర కోయాలి. ఇట్లాంటి చోట టైము తినేది కోత కాదు. టూలు విప్పడం, బిగించడం, ఎత్తు సరిచూసుకోవడం, ఇవి తింటాయి. టూల్ పోస్ట్‌కు చేసుకునే సామాన్లన్నీ ఒకటి ఆ టైము కోసం, రెండు ఆ వణుకు కోసం.

ముందు ఎత్తు సంగతి. టూలు మొన సరిగ్గా కడ్డీ నడిబొడ్డు ఎత్తులో, అంటే సెంటర్ హైట్‌లో ఉండాలి. ఐటీఐలో మొదటి నెలలోనే చెప్పే మాట ఇది, ఎందుకో మాత్రం చాలామందికి తెలీదు. మొన కాస్త పైకి పోతే టూలు ముందు భాగం కడ్డీకి రాసుకుంటుంది, కోయడం మాని రుద్దుతుంది, వేడెక్కుతుంది. కిందికి దిగితే మొన మీది వాలు చచ్చిపోయి, టూలు కోయకుండా ఇనుమును చీరుతుంది. సన్న కడ్డీ అయితే లోపలికి గుంజుకుపోయి మీదికెక్కించుకుంటుంది కూడా. ఎంత తేడా పడుతుందో లెక్కేసి చూడండి. 100 మిల్లీమీటర్ల లావు కడ్డీ మీద మొన అర మిల్లీ కిందికి ఉంటే కోత కోణం అర డిగ్రీకి కాస్త ఎక్కువ మారుతుంది, అంతే. అదే అర మిల్లీ 10 మిల్లీల కడ్డీ మీద అయితే దాదాపు ఆరు డిగ్రీలు మారుతుంది. మేం టూలుకు సానపట్టి ఇచ్చే వాలే ఆరు నుంచి పది డిగ్రీలు ఉంటుంది. సగానికి పైగా అక్కడే పోయిందన్నమాట. అందుకే లావు పని బాగా చేసేవాడు సన్న పిన్ను దగ్గర తడబడి, తప్పు ఇనుము మీదికి తోస్తుంటాడు.

ఎత్తు చూసుకోవడానికి పాత కిటుకు ఒకటుంది. ఆరంగుళాల స్టీలు స్కేలును గుండ్రటి కడ్డీకీ టూలు మొనకూ మధ్య పెట్టి, స్లైడ్ మెల్లగా జరిపి స్కేలు పడకుండా నొక్కి పట్టాలి. స్కేలు నిటారుగా నిలబడితే ఎత్తు సరిపోయింది. పై కొస మనవైపు వాలితే టూలు కిందికి ఉంది, అవతలికి వాలితే పైకి ఉంది. రోజువారీ పనికి ఇది చాలు. కడ్డీ మొహం చదును చేసేటప్పుడు నడిమధ్య చిన్న బొడ్డు మిగిలినా ఎత్తు తేడా ఉందనే అర్థం.

అయినా నన్నడిగితే, ఎవరైనా మొదట చేసుకోవాల్సింది హైట్ గేజి. షాపులో దొరికేది కాదు, మీ మిషన్‌కు మీరే చేసుకోవాలి. ఈఎన్ 8 రకం ఉక్కు కడ్డీ ముక్క ఒకటి తీసుకుని డమరుకంలాగా చెక్కండి. అడుగున వెడల్పు, నడుమ సన్నం, పైన మళ్లీ వెడల్పు. దాన్ని క్రాస్ స్లైడ్ మీద నిలబెడితే, పై పళ్లెం అడుగు అంచు సరిగ్గా సెంటర్ ఎత్తులో ఉండాలి. ఆ ఎత్తు ఎంతో తెలియాలంటే చక్‌లో ఒక కడ్డీ బిగించి, పైన ఒక పొర చెక్కి, విప్పకుండా మైక్రోమీటర్‌తో లావు కొలవాలి. 30 మిల్లీలు వచ్చిందనుకోండి. క్రాస్ స్లైడ్ పై నుంచి కడ్డీ పై అంచు దాకా ఎంత ఎత్తో కొలిచి, అందులో 15 తీసేస్తే మీ సెంటర్ హైట్. గేజి చెక్కేటప్పుడు అడుగూ, పై పళ్లెం అడుగు అంచూ ఒకే బిగింపులో చెక్కుకోవాలి. విప్పి తిప్పి బిగించారా, రెండూ సమాంతరంగా రావు. చేశాక దానికి పని ఏముంది? టూలు బిగించి, మొన ఆ అంచు కింద గోరు ఆనినట్టు ఆనుతుందో లేదో చూడటమే. అరనిమిషం పని. నా షెడ్లో ఇది టూల్ పోస్ట్ పక్కనే ఉంటుంది, ఎవరూ జేబులో వేసుకుపోకుండా గొలుసు కూడా కట్టాను.

ఇప్పుడు ఎత్తు ఎట్లా సరిచేస్తారన్నది. మన దేశంలో చిన్న షెడ్లలో ఎక్కువగా కనిపించేది నాలుగు మొహాల టూల్ పోస్ట్. చదరపు దిమ్మ, నాలుగు వైపులా గాడి, ఒక్కో గాడిలో ఒక్కో టూలు, పైనుంచి బోల్టులు. హ్యాండిల్ వదులు చేసి పావు చుట్టు తిప్పితే ఇంకో టూలు ముందుకొస్తుంది. దీనికంటే గట్టిది ఇంకోటి లేదని నా నమ్మకం. బరువు కోతకు ఇప్పటికీ నేను దీన్నే పెడతాను. తంటా అంతా ప్యాకింగ్ దగ్గర. గాడి 25 మిల్లీల టూలుకు లెక్కగా చేసి ఉంటే, 16 మిల్లీల టూలు పెట్టినప్పుడు కింద 9 మిల్లీలు ఎత్తు పెట్టాలి. అక్కడ మొదలవుతుంది చోద్యం. విరిగిన హాక్సా బ్లేడు ముక్కలు, రేకు ముక్కలు, ఒక్కోసారి సిగరెట్ పెట్టె అట్ట కూడా చూశాను. "చాల్లే అన్నా, గట్టిగానే ఉందిగా" అంటాడు కుర్రాడు. ఎక్కడ గట్టి? నాలుగు రేకుల మధ్య నాలుగు చోట్ల గాలి. బోల్టు బిగించే కొద్దీ అణిగి, కోత పడగానే స్ప్రింగులా ఊగుతుంది.

దీనికి మందు చవకే. చదును చేసిన ఫ్లాట్ ముక్కలు, గాడి పొడుగంత, ఒకటి, రెండు, మూడు, ఐదు మిల్లీల మందంలో చేయించి పెట్టుకోవాలి. సర్ఫేస్ గ్రైండింగ్ చేయిస్తే మరీ మంచిది. సూళ్లూరుపేటలో కాకపోతే గుమ్మిడిపూండి దాకా పోతే ఆ పని చేసేవాళ్లు దొరుకుతారు. ఒక్కో ముక్క మీద మందం గుద్దించి, ఒక్కో టూలుకు ఏ ముక్కలు సరిపోతాయో ఆ టూలుకే వైరుతో కట్టి పెట్టేయాలి. అప్పుడు వెతుకులాట ఉండదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి, రెండు ముక్కలకు మించి పేర్చకూడదు. పులికాట్ ఉప్పుగాలికి మెరుగుపెట్టిన ఇనుము రెండు రోజుల్లో ఎర్రబడుతుంది కాబట్టి మా వైపు వాళ్లు వీటిని నూనె గుడ్డలో చుట్టి పెట్టుకోవాలి. తుప్పు పొర కూడా మందమే కదా.

అసలు టూల్ పోస్టే లేని రోజుల్లో టూలును చేత్తో పట్టుకునేవాళ్లు. ఇప్పటికీ అట్లా పనిచేసే చోటు చూడాలంటే అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక పోండి. అంకుడు కర్రను లేత్‌కెక్కించి, ఉలిని దన్నుకు ఆనించి, రెండు చేతుల్తో పట్టుకుని లక్క బొమ్మలు చెక్కుతారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ చేతుల్లో ఎంత నేర్పుందో చెప్పలేం. మెత్తటి కర్ర కాబట్టి అది సాధ్యం. ఇనుమును అట్లా పట్టి చెక్కాలంటే చెయ్యి ఎంతసేపు నిలుస్తుంది? రెండు షాఫ్టులు ఒకే కొలతలో ఎట్లా వస్తాయి? ఫ్రాన్స్‌లో వోకాన్సన్ అనే ఆయన 1751 ప్రాంతంలోనే టూలును జారే స్లైడ్ మీద బిగించి లేత్ చేశాడు. 1800కు కాస్త అటూఇటుగా లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే స్లైడ్ రెస్టునూ, మర కోసే స్క్రూనూ గట్టి ఇనప లేత్‌లో ఒకచోట చేర్చి పనికొచ్చేలా చేశాడు. చెయ్యి పట్టాల్సిన బరువు ఇనుము పట్టింది. అప్పటినుంచి ఒకే కొలత మరలు వేలల్లో కోయడం కుదిరింది.

తర్వాతి మార్పు టూలు లోహంలో వచ్చింది. అమెరికాలో బెత్లెహెమ్ స్టీల్ కంపెనీలో టేలర్, వైట్ అనే ఇద్దరు కలిసి హైస్పీడ్ స్టీలు తయారుచేసి, 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో మొన ఎర్రగా కాలుతున్నా కోస్తూనే ఉండటం జనానికి చూపించారు. 1920లలో జర్మనీ క్రుప్ కంపెనీ కార్బైడ్‌ను వైడియా పేరుతో బజారుకు తెచ్చింది. టూలు ఎంత గట్టిపడితే కోత అంత పెరిగింది, దాంతో పాత టూల్ పోస్టులు ఆ బలం తట్టుకోలేక లావెక్కాయి. ఇక్కడ ఒక తిరకాసుంది. కార్బైడ్ వేడికి బెదరదు గానీ వణుకుకు పెళుసు. హైస్పీడ్ స్టీలు కాస్త ఊగినా ఓర్చుకుంటుంది, కార్బైడ్ చిట్లిపోతుంది. ఊగే టూల్ పోస్ట్‌లో ఖరీదైన కార్బైడ్ ఇన్సర్ట్ పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలి. ఆ డబ్బుకు ముందు స్లైడుల్లో వదులు తీసే జిబ్బులు బిగించుకుని, మిగిలినదాంతో మంచి హైస్పీడ్ బిట్టు కొనుక్కోవచ్చు.

మన దగ్గరా ఈ పనికి పెద్ద ఇళ్లు వెలిశాయి. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లో మొదలైంది. బెంగళూరులో హెచ్ఎంటి 1953లో పుట్టి, స్విట్జర్లాండ్ ఓర్లికాన్ వాళ్ల తోడ్పాటుతో లేత్‌లు చేయడం నేర్చింది. హైదరాబాద్ బాలానగర్‌లో టూళ్ల డిజైన్ నేర్పే సంస్థ, మేం సీఐటీడీ అంటాం, 1968 నుంచి నడుస్తోంది. నా షెడ్లో ఉన్నది హరిహర్‌లో మైసూర్ కిర్లోస్కర్ వాళ్లు పోసిన పాత టర్న్‌మాస్టర్ లేత్. ఆ బెడ్ పోత చూసి ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇక నాకు బాగా ఇష్టమైన సామాను దగ్గరికొద్దాం. బోరింగ్ బార్ హోల్డర్. బుష్షు లోపలి బెజ్జం తొలచాలంటే పొడుగాటి గుండ్రటి బార్ లోపలికి పోవాలి. నాలుగు మొహాల టూల్ పోస్ట్ గాడి చదరం, బార్ గుండ్రం. చదరపు గాడిలో గుండ్రటి బార్‌ను బోల్టులతో నొక్కితే రెండు గీతల మీద ఆనుతుంది, అంతే. లోపల కోత పడగానే తిరుగుతుంది. కాబట్టి దీనికి వేరే దిమ్మ కావాలి. దాన్ని చేయడంలో ఒక అందం ఉంది. ఎత్తు కొలవాల్సిన పనే లేదు, మిషనే పెట్టిస్తుంది.

పోత ఇనుము దిమ్మ దొరికితే ముందు అదే, ఎందుకంటే పోత ఇనుము వణుకును మింగేస్తుంది. లేదంటే మామూలు మెత్తటి ఉక్కు చాలు. దిమ్మ అడుగు చదును చేసి, నడుమ టూల్ పోస్ట్ స్టడ్‌కు బెజ్జం వేసుకోవాలి. టూల్ పోస్ట్ తీసేసి ఆ స్టడ్‌కే ఈ దిమ్మను బిగించాలి. ఇప్పుడు చక్‌కు ఎదురుగా ఉండే టెయిల్‌స్టాక్‌లో కాదు, చక్‌లో డ్రిల్లు పట్టించాలి. ముందు సెంటర్ డ్రిల్లు, తరవాత సన్న డ్రిల్లు, తరవాత లావుది. క్రాస్ స్లైడ్ బిగించేసి, క్యారేజ్‌ను చేత్తో మెల్లగా చక్ వైపు తోయాలి. తిరిగే డ్రిల్లులోకి దిమ్మే నడిచిపోతుంది. డ్రిల్లు తిరుగుతున్నది స్పిండిల్ నడిమీద కాబట్టి, పడ్డ బెజ్జం కచ్చితంగా సెంటర్ ఎత్తులోనే ఉంటుంది, బెడ్‌కు సమాంతరంగా ఉంటుంది. వెర్నియర్‌తో ఎంత కొలిచినా ఇంత బాగా రాదు.

డ్రిల్లు వేసిన బెజ్జం కాస్త గరుకుగా, పెద్దగా వస్తుంది. 20 మిల్లీల బార్ కావాలనుకుంటే 19 దాకా డ్రిల్లు వేసి ఆపాలి. ఆ తరవాత ఒక కడ్డీకి అడ్డంగా చిన్న బెజ్జం వేసి అందులో టూల్ బిట్టు ముక్క బిగించి, ఆ కడ్డీని దిమ్మ గుండా దూర్చి రెండు సెంటర్ల మధ్య పట్టించాలి. కడ్డీ తిరుగుతుంటే దిమ్మ దాని మీదుగా జరుగుతుంది. బిట్టును ఒక్కో దఫా వెంట్రుకవాసి బయటికి జరుపుతూ కొలత తేవాలి. రీమర్ ఉంటే చివర్లో అదే వేయొచ్చు. తరవాత దిమ్మను విప్పి బయటి పక్కనుంచి బెజ్జం దాకా హాక్సాతో చీలిక కోసి, పైనుంచి కిందికి రెండు ఎం10 బోల్టులు వేయాలి. చీలికకు పైనున్న బెజ్జాలు వదులుగా, కిందివి మరతో. బోల్టులు బిగిస్తే దిమ్మ బార్‌ను చుట్టూరా పిడికిలి పట్టేస్తుంది. నొక్కులు పడవు, ప్యాకింగ్ అక్కర్లేదు. ఈ హోల్డర్ మీ మిషన్‌కు మాత్రమే పనికొస్తుంది. పక్క షెడ్డువాడు అడిగితే ఇవ్వొచ్చు, కానీ వాడికి ఎత్తు కుదరదు. అదీ ఒక లాభమే అనుకోండి.

బార్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బయటికి ఎంత పొడుగు వదిలారన్నదే దాని ప్రాణం. వదిలిన పొడుగు రెట్టింపైతే వంగడం ఎనిమిది రెట్లవుతుంది. లావు పెంచితే లాభం ఇంకా ఎక్కువ. 12 మిల్లీల బార్ బదులు 16 మిల్లీలది పెడితే గట్టితనం మూడు రెట్లు దాటుతుంది. స్టీలు బార్‌ను దాని లావుకు నాలుగింతల కంటే ఎక్కువ బయటికి వదలొద్దని పాతవాళ్లు చెప్పేది ఇందుకే. పడవల గన్‌మెటల్ బుష్షులు పొడుగ్గా ఉంటాయి, కాబట్టి బెజ్జంలో పట్టేంత లావు బార్ వెతకడమే అక్కడ సగం పని.

బోరింగ్ తరవాత రెండో గొడవ పార్టింగ్. కడ్డీని ముక్కగా తెంచేయడానికి రెండు మూడు మిల్లీల మందం బ్లేడు లాంటి టూలును నేరుగా లోపలికి నడిపించడం. లేత్ నేర్చుకునేవాళ్లకు దీనంత భయం ఇంకోటి లేదు. ఠప్ మని విరుగుతుంది, ఒక్కోసారి జాబు చక్‌లోంచి లేస్తుంది. విరగడానికి కారణాలు పెద్దగా దాగి ఉండవు. టూలు కడ్డీకి లంబంగా లేకపోవడం, బయటికి ఎక్కువ వదలడం, స్లైడుల్లో వదులు, కూలెంట్ పోయకపోవడం, భయపడుతూ ఆపి ఆపి నడిపించడం. ఆపితే టూలు రుద్దుకుని అక్కడ ఇనుము ఇంకా గట్టిపడుతుంది. ఒకసారి పట్టాక నిదానంగా, ఆపకుండా నడిపించాలి.

దీనికి నేను వాడే మార్గం వెనక టూల్ పోస్ట్. క్రాస్ స్లైడ్‌కు అవతలి వైపు, అంటే కడ్డీ వెనక, ఇంకో దిమ్మ బిగించి దానిలో పార్టింగ్ బ్లేడును తలకిందులుగా పెట్టాలి. లేత్ ఎప్పటిలాగే తిరుగుతుంది. ముందు వైపు కడ్డీ పైనుంచి కిందికి వస్తుంది కాబట్టి టూలును కిందికి నొక్కి, వంగిన టూలు ఇంకా లోపలికి దిగబడేలా చేస్తుంది. వెనక వైపు కడ్డీ కిందినుంచి పైకి పోతుంది. టూలు వంగితే కోతలోంచి బయటికి తప్పుకుంటుంది గానీ లోపలికి గుంజుకోదు. పైగా చిప్స్ గాడిలో ఇరుక్కోకుండా కిందికి రాలిపోతాయి. దిమ్మ మాత్రం బరువుగా ఉండాలి, క్రాస్ స్లైడ్‌కు టీ బోల్టులతో రెండు చోట్ల పట్టాలి, ఎందుకంటే ఇక్కడ బలం దాన్ని పైకి లేపుతుంది. కొన్ని పాత లేత్‌ల క్రాస్ స్లైడ్ మీద వెనక టీ గాడులుండవు. అప్పుడు స్లైడ్‌కే మర బెజ్జాలు వేయాలి, ఆ పనికి గుండె ధైర్యం కావాలి. నేను వేశాను, పశ్చాత్తాపం లేదు.

చిన్నా చితకా ఇంకా ఉన్నాయి. హ్యాండిళ్ల మీద గరుకు గళ్లు ఒత్తే నర్లింగ్ టూలు ఒకవైపు నుంచి నొక్కే రకం కొనొద్దు. ఆ బలమంతా స్పిండిల్ బేరింగుల మీద పడుతుంది. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం పెట్టి కడ్డీని కత్తెరలా నొక్కే రకం చేసుకుంటే మిషన్‌కు దెబ్బ లేదు. డయల్ గేజి పట్టుకునే చిన్న కొమ్మను టూల్ పోస్ట్‌కు తగిలించుకుంటే నాలుగు దవడల చక్‌లో జాబును నడిమికి తేవడం సులువు. క్యారేజ్‌ను ఒక చోట ఆపే స్టాపర్ ఉంటే ఒకే పొడుగు బుష్షులు వరసగా దించొచ్చు. వీటికి పెద్ద వివరం అక్కర్లేదు, చూస్తే ఎవరికైనా అర్థమవుతాయి.

ఇప్పుడు అందరూ అడిగేది క్విక్ చేంజ్ టూల్ పోస్ట్. నడుమ ఒక దిమ్మ, దానికి వాలు గాడులు. ఒక్కో టూలుకు ఒక్కో హోల్డర్, ఒక్కో హోల్డర్‌కు ఎత్తు సరిచేసే నట్టు. ఒకసారి ఎత్తు పెట్టి నట్టు బిగిస్తే ఇక ఎన్నిసార్లు తీసి పెట్టినా అదే ఎత్తు. హ్యాండిల్ ఒక్క గుంజు, టూలు మారిపోతుంది. ఇంగ్లండ్‌లో డిక్సన్ రకం, అమెరికాలో అలోరిస్ రకం, స్విట్జర్లాండ్‌లో మల్టీఫిక్స్ రకం పేరుపడ్డాయి. మల్టీఫిక్స్ దిమ్మ గుండ్రంగా, చుట్టూ పళ్లతో ఉంటుంది, హోల్డర్‌ను 40 కోణాల్లో ఎక్కడైనా పట్టించొచ్చు. అలోరిస్ రకంలోనే లోపల పిస్టన్ నెట్టేవి, వెడ్జ్ గుంజేవి అని రెండుంటాయి. వెడ్జ్ రకం హోల్డర్‌ను వాలు మొహాలకు అదిమి పట్టేస్తుంది కాబట్టి ఖరీదెక్కువైనా నా ఓటు దానికే.

దిమ్మను కొనండి, హోల్డర్లు చేసుకోండి. ఇది నా సలహా. దిమ్మ లోపలి వెడ్జ్, స్క్రూ చిన్న షెడ్లో చేసేంత తేలిక కాదు. హోల్డర్ అంటే మాత్రం ఒక గాడి, ఒక వాలు గాడి, నాలుగు బోల్టులు. షేపింగ్ మిషన్ ఉన్నా చాలు. వాలు గాడి కొలత చూడటానికి ఒకే లావున్న రెండు రోలర్లను గాడి మూలల్లో పెట్టి, వాటి మధ్య దూరం కొలవాలి. పాత బేరింగు రోలర్లు ఇందుకు బంగారం, వాటి కొలత మనం చేసిన ఏ పిన్నుకంటే కూడా నమ్మకమైనది. బజారులో చవగ్గా దొరికే హోల్డర్లు కొన్ని దిమ్మలో ఒక వైపే ఆనుతాయి. నీలి రంగు పూసి ఒకసారి బిగించి విప్పితే ఎక్కడ ఆనుతోందో కనపడుతుంది. ఒక షాపులో నేను కొన్న సెట్టులో సగం హోల్డర్లు ఇట్లాగే వచ్చాయి, వెనక్కి తీసుకోమంటే "అన్నా, లేత్ అంటే సర్దుకోవాల" అన్నాడు. సర్దాను, ఆకురాయి, స్క్రేపర్ పట్టుకుని.

చివరగా టూల్ పోస్ట్ గ్రైండర్. చిన్న మోటారు, బెల్టు, సానరాయి, అన్నీ టూల్ పోస్ట్ స్థానంలో కూర్చుంటాయి. గట్టిపరిచిన షాఫ్టు మీద టూలు జారిపోతుంటే ఇదే దిక్కు. పిన్నుల మీద బేరింగు కూర్చునే చోటు నున్నగా తేవడానికి మా వైపు బాగా పనికొస్తుంది. దీని నష్టమూ అంతే పెద్దది. రాయినుంచి రాలే పొడి బెడ్ మీద పడి నూనెలో కలిస్తే, క్యారేజ్ జరిగినప్పుడల్లా బెడ్‌నే సానపడుతుంది. కాబట్టి మొదలుపెట్టే ముందు బెడ్ మీద, స్లైడుల మీద తడిగుడ్డ పరవాలి, అయ్యాక గుడ్డను దులపకుండా మడిచి బయటికి తీసుకుపోవాలి, బెడ్ తుడిచి కొత్త నూనె వేయాలి. గుడ్డ పరవకుండా స్విచ్ మీద చెయ్యి వేసేవాణ్ని, వాడు ఎంత పనోడైనా సరే, నా షెడ్లో ఉండనివ్వను.